గొడ్డు మేత మానేసింది: డాక్టర్‌కి ఎప్పుడు ఫోన్ చేయాలి?

పాలిచ్చే గేదెకి ఒంట్లో బాగోకపోతే ఆ సంగతి మొదట పాల చెంబుకి తెలుస్తుంది. పూటకి మూడు లీటర్లిచ్చేది ఒకటిన్నరకి పడిపోయిందంటే ఇంట్లో ఎవరో ఒకరు వెళ్ళి దాని మొహం చూస్తారు. ఎద్దుకి, ఆబోతుకి, వట్టిపోయిన ఆవుకి, పాలు మరిచిన దూడకి ఆ చెంబు లేదు. నిన్న తిన్నంత ఇవాళ తిన్నాయో లేదో ఎవరూ లెక్కపెట్టరు. అందుకే మన వైపు ఒంగోలు జాతి గొడ్డుకి జబ్బు చేస్తే, అది మన కంటబడేసరికే సగం సమయం అయిపోయి ఉంటుంది.

ఒంగోలు ఆవు పాలివ్వదని కాదు. కానీ ఈ జాతికి పేరు తెచ్చింది పాలు కాదు, ఒళ్ళు, కాడి కింద బలం. ఇదే జాతి బ్రెజిల్ వెళ్ళి, మన నెల్లూరు పేరుతోనే 'నెలోరె' అని పిలిపించుకుంటూ, అక్కడి మాంసపు మందల్లో ఎక్కువ భాగం తనే అయింది. వియాటినా-19 అనే నెలోరె ఆవు విలువ 2023లో జరిగిన వేలం లెక్కన 40 లక్షల డాలర్లు దాటింది. అంత ఖరీదైన దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులకి అక్కడ కొదవుండదు. మన కొట్టంలో ఉన్నదానికి మనమే దిక్కు.

గొడ్డు పడుకుందంటే ఊళ్ళో పదిమంది చేరతారు. ఒకరు అరగలేదంటారు, ఒకరు పురుగు ముట్టిందంటారు, ఇంకొకరు దిష్టి అంటారు. రోగం ఏమిటన్న ఈ పంచాయతీలోనే రెండు గంటలు గడిచిపోతాయి. నా మటుకు నేను ఆ పంచాయతీ మానేశాను. రోగం పేరు తేల్చడం డాక్టర్ పని. దానికి చదువు కావాలి, ఒక్కోసారి రక్తపరీక్ష కూడా కావాలి. మనం తేల్చాల్సింది వేరే ఉంది. ఇది నిమిషాల మీద ఉన్నదా, గంటల మీద ఉన్నదా, పొద్దున దాకా ఆగుతుందా? ఆ ఒక్కటీ సరిగ్గా పసిగడితే రోగం పేరు తెలియకపోయినా నష్టం లేదు.

ఈ సంగతి దెబ్బ తిన్నాకే తెలిసింది. మా ఇంట్లో పెళ్ళి జరిగిన మర్నాడు అన్నం చాలా మిగిలింది. పారేయడం ఎందుకని గంపలకొద్దీ గాడిలో పోశారు. ఒక ఎద్దు వాసన చూసి వదిలేసింది, రెండోది ఆవురావురుమని తినింది. సాయంత్రం అది గడ్డి ముట్టలేదు. పళ్ళు కొరుకుతూ నిలబడింది. "కడుపు నిండా తినింది కదా, రేపటికి సర్దుకుంటుందిలే అబ్బయ్యా" అన్నాడు మా పెదనాన్న. తెల్లారేసరికి పడిపోయి ఉంది. కళ్ళు గుంతలు పడ్డాయి, కింద నీళ్ళ విరేచనం, పుల్లటి వాసన. డాక్టర్ వచ్చి సెలైన్ల మీద సెలైన్లు ఎక్కించాడు. మధ్యాహ్నం దాటలేదు. "నిన్న ఈ గొడ్డు మామూలుగా ఉన్నప్పుడే పిలవాల్సింది" అని ఆయన అన్న మాట నాకు అప్పట్లో అర్థం కాలేదు. మామూలుగా ఉన్నప్పుడు ఎందుకు పిలుస్తాం?

జరిగింది ఇది. గొడ్డు పెద్ద కడుపులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయి. అవి గడ్డిని నిదానంగా పులియబెట్టడానికి అలవాటుపడ్డవి. వాటి మీద ఒక్కసారిగా అన్నమో, బియ్యమో, మొక్కజొన్న పిండో గుమ్మరిస్తే, పిండిపదార్థం మీద బతికే జీవులు పేట్రేగిపోయి యాసిడ్ తయారుచేస్తాయి. కడుపు పుల్లబడుతుంది. ఆ పులుపు ఒంట్లోని నీటినంతా కడుపులోకి లాగేసుకుంటుంది, తర్వాత రక్తంలోకీ దిగుతుంది. తిన్నప్పటి నుంచి మొదటి కొన్ని గంటల్లో గొడ్డుకి పైకి ఏమీ కనబడదు. వైద్యం బాగా పనిచేసేది మాత్రం ఆ గంటల్లోనే. అందుకే అలవాటు లేని గొడ్డు గింజలైనా అన్నమైనా బాగా మెక్కిందని తెలిస్తే, లక్షణాల కోసం ఎదురుచూడకూడదు. తిన్న సంగతి చాలు, ఫోన్ చేయడానికి.

రోజూ చూడాల్సిన ఐదు నిమిషాలు

గొడ్డు తన బాధ దాచుకుంటుంది. అడవిలో బతికిన కాలం నుంచీ, నీరసం చూపించిన జంతువునే పులి పట్టుకుంటుంది కదా. అందుకని బాధ బాగా ముదిరితే గాని బయటపడదు. అయినా కొన్ని చోట్ల అది దాచలేదు.

మొదటిది నెమరు. బాగున్న గొడ్డు రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరేస్తుంది. మధ్యాహ్నం చెట్టు కింద మంద అంతా నెమరేస్తూ ఉంటే ఒక్కటి మాత్రం దవడ కదపకుండా ఉందంటే, దాని దగ్గరికి వెళ్ళాలి. జ్వరమైనా, నొప్పైనా, కడుపు కదలకపోయినా ముందు ఆగిపోయేది నెమరే. మేత మానడం దాని తర్వాత వస్తుంది.

రెండోది ఎడమ డొక్క. నడుము ఎముకల కింద, చివరి పక్కటెముక వెనక గుంతలాంటి చోట పిడికిలి అదిమిపెట్టి ఒక నిమిషం ఆగితే, లోపల కడుపు అలలా లేచి చేతిని తోస్తుంది. నిమిషానికి ఒకటి రెండుసార్లు అలా తోస్తే కడుపు పనిచేస్తున్నట్టు. రెండు మూడు నిమిషాలు చూసినా చలనం లేకపోతే ఆగిపోయినట్టు. మా ఇంట్లో పదేళ్ళ పిల్లకి కూడా ఇది నేర్పాను. డాక్టర్‌కి ఫోన్‌లో "డొక్క ఆడడం లేదు సార్" అని చెబితే, "మేత తినట్లేదు" అన్నదానికంటే ఆయనకి పదిరెట్లు సమాచారం అందినట్టు.

తర్వాత ముట్టె. తేమగా, చిన్న చిన్న చెమట బిందువులతో మెరుస్తూ ఉండాలి. ఎండిపోయి పగిలినట్టుంటే జ్వరం అనుమానం. చెవులు పట్టుకుని చూడటం మన పెద్దవాళ్ళకి అలవాటే. వేడిగా ఉంటే జ్వరం అంటారు, అది కొంతవరకే నిజం. నేను భయపడేది చల్లటి చెవులకి. పడుకున్న గొడ్డు చెవులు, కాళ్ళు చల్లబడ్డాయంటే రక్తప్రసరణ తగ్గుతోందని, లేదా ఈనిన ఆవుకి పాలజ్వరమని అర్థం. పాలజ్వరంలో పేరుకే జ్వరం, ఒళ్ళు మాత్రం చల్లగా ఉంటుంది. ఈనిన మూడు రోజుల్లోపు, మెడ పక్కకి తిప్పి డొక్క మీద పెట్టుకుని పడుకున్న ఆవుకి కాల్షియం నరంలోకి ఎక్కాలి, అదీ డాక్టర్ చేత్తో నిదానంగా. గబగబా ఎక్కిస్తే గుండె ఆగుతుంది.

పేడ, మూత్రం, నడక చూడటానికి ప్రత్యేకంగా టైం పెట్టక్కర్లేదు. కొట్టం ఊడ్చేటప్పుడు పేడ రోజూ పడ్డంత పడిందా, గట్టిగా జిగురు పూసుకుని ఉందా, రక్తం ఉందా అన్నది కంటికే తెలుస్తుంది. మూత్రం కాఫీ రంగులో ఉందంటే ఆ రోజే చెప్పాలి.

ఇక థర్మామీటర్. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్‌ది చాలు. తోకకి వెనక నిలబడకుండా పక్కన నిలబడి, నూనె రాసి, మలద్వారంలో గోడకి ఆనేలా పెట్టాలి. చివర దారం కట్టి తోక వెంట్రుకలకి ముడేస్తే లోపలికి పోదు. ఆవుకి, ఎద్దుకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలు. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నుంచి వచ్చిన గొడ్డుకి 103 చూపించినా కంగారు పడక్కర్లేదు, నీడలో గంటసేపు ఉంచి మళ్ళీ చూడాలి. పొద్దున్నే చూస్తే సరైన లెక్క వస్తుంది. చల్లటి పూట 104 ఉంటే అది జ్వరమే. 106 అంటే గంటల వ్యవహారం. 100 కంటే తక్కువ ఉండి గొడ్డు నీరసంగా ఉంటే, నా దృష్టిలో అది 104 కంటే చెడ్డ వార్త.

నిమిషాల మీద ఉన్నవి

కడుపు ఉబ్బరం ముందు చెప్పుకోవాలి. లేత పచ్చి మేత, ముఖ్యంగా వానలు పడ్డాక మొలిచిన పిల్లిపెసర, అలసంద లాంటి పప్పుజాతి పైర్లు ఖాళీ కడుపున మేస్తే కడుపులో గాలి నురగలా కట్టేస్తుంది. మామూలు గాలి అయితే త్రేన్పు రూపంలో పోతుంది. నురగ త్రేన్పుకి రాదు. ఎడమ డొక్క గుంత పూడి, నడుము కంటే ఎత్తుకి లేస్తుంది. తట్టితే డోలు శబ్దం వస్తుంది. ఉబ్బిన కడుపు ఊపిరితిత్తుల్ని నొక్కేస్తుంది కాబట్టి గొడ్డు ఊపిరాడక చస్తుంది, అదీ గంట రెండు గంటల్లో. తాటిపండ్ల కాలంలో టెంక గొంతులో అడ్డం పడినా ఇదే జరుగుతుంది. అప్పుడు నోటి నుంచి చొంగ కూడా కారుతుంది. టెంకని కర్రతో లోపలికి నెట్టబోయి గొంతు చీల్చినవాళ్ళున్నారు.

ఫోన్ చేసి డాక్టర్ కోసం చూస్తున్నంతసేపూ చేయదగ్గది కొంత ఉంది. ముందుకాళ్ళు ఎత్తుగా ఉండేలా గట్టు మీద నిలబెట్టాలి. నోట్లో అడ్డంగా వేపకర్ర పెట్టి కొమ్ములకి కడితే నమిలి నమిలి చొంగ ఊరుతుంది, త్రేన్పుకి వీలవుతుంది. గొంతులో అడ్డం లేకుండా, గొడ్డు నిలబడి, మింగగలిగే స్థితిలో ఉంటే పావు లీటరు నుంచి అర లీటరు వేరుశనగ నూనె నురగని విరుస్తుంది. డొక్కలో కత్తితో పొడవడం గురించి ఊళ్ళో వీరగాథలు చాలా వినబడతాయి. దానికి వేరే పనిముట్టు ఉంది, దాన్ని వాడే చోటు ఉంది. అది డాక్టర్‌కి వదిలేయాలి.

నూనె మాట వచ్చింది కాబట్టి తాగబోయడం గురించి ఇక్కడే చెప్పాలి. మన వైపు గొడ్లు రోగంతో చచ్చినట్టు కనబడినా, వాటిలో కొన్ని నిజానికి మందు తాగబోసినందుకే చచ్చాయని నా నమ్మకం. ముకుతాడు పట్టి తల ఆకాశానికి ఎత్తి, నాలుక పక్కకి లాగి, వెదురు గొట్టంతో కషాయం గబగబా పోస్తారు. నాలుక పట్టుకుంటే గొడ్డు మింగలేదు. తల అంత ఎత్తితే గొంతు నేరుగా ఊపిరి గొట్టంలోకి తెరుచుకుంటుంది. మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పటికి ఏమీ కాదు, కాస్త దగ్గుతుంది. రెండు మూడు రోజుల తర్వాత జ్వరం, ఆయాసం, ముక్కు నుంచి చెడు వాసన. అప్పుడు "రోగం తిరగబెట్టింది" అంటారు. పోయాల్సి వస్తే తల నేలకి సమాంతరంగా ఉంచి, నోటి మూల నుంచి, కొంచెం కొంచెంగా, మింగిందని చూశాక మళ్ళీ పోయాలి. దగ్గితే వెంటనే తల వదిలేయాలి. పడుకుని లేవలేని గొడ్డుకి, స్పృహ సరిగా లేని గొడ్డుకి చుక్క కూడా పోయకూడదు.

ఇక విషాలు. జొన్న చొప్ప మనకి బంగారం లాంటి మేత, కానీ లేత జొన్న, కోసిన మోళ్ళకి వచ్చిన పిలకలు, వాన లేక వాడిన పైరు సైనైడ్‌ని దాచుకుంటాయి. పెద్దలు దీన్నే 'నాము' అనేవాళ్ళు. మేసిన పావుగంటలోనే ఎగశ్వాస, తూలుడు, పడిపోవడం. చిగుళ్ళు ఎర్రగా, మామూలు కంటే ఎర్రగా ఉంటాయి. దీనికి నరంలోకి ఇచ్చే విరుగుడు ఉంది, సమయానికి అందితే లేచి నిలబడుతుంది. కనిగిరి వైపు వానలు తప్పినప్పుడు ఎండిపోతున్న జొన్నలోకి గొడ్లని తోలేద్దాం అనిపిస్తుంది, అదే పెద్ద ప్రమాదం. పూత వచ్చాకే మేపాలి, వీలైతే తడి పెట్టి కోయాలి.

వరి పండే నెల్లూరు వైపు ఇంకో రకం. యూరియా కలిపిన బకెట్‌నో, మందు కొట్టిన డ్రమ్ము కడిగిన నీళ్ళనో తాగేస్తాయి. చొంగ కారుతుంది, కండరాలు వణుకుతాయి. పురుగుమందు ఖాళీ డబ్బా పారేయకుండా డాక్టర్‌కి చూపించాలి, విరుగుడు దాన్ని బట్టే ఉంటుంది. పొరుగువాడితో గొడవవుతుందని ఆ డబ్బా దాచేస్తారు కొందరు.

ఈనిన వెంటనే గర్భసంచి బయటికి వచ్చేస్తే అదీ నిమిషాల పనే. శుభ్రమైన తడిగుడ్డ చుట్టి, కుక్కలు, కాకులు ముట్టకుండా కాపలా ఉండాలి. నీటి బుడగ కనబడి రెండు గంటలైనా దూడ ముందుకి రాకపోతే లాగే ప్రయత్నం మానేసి పిలవాలి. మాయ పడకపోతే మాత్రం 12 గంటల దాకా చూడొచ్చు. దానికి రాయో, పాత చెప్పో కట్టి వేలాడదీయడం వల్ల లోపల తెగిపోతుందే తప్ప లాభం లేదు.

గంటల మీద ఉన్నవి

గొంతువాపు, జబ్బవాపు. ఈ రెండు పేర్లూ మన దగ్గర ప్రతి రైతుకీ తెలుసు, కానీ ఎంత వేగంగా చంపుతాయో తెలిసినవాళ్ళు తక్కువ. గొంతువాపులో 105, 106 జ్వరం, గొంతు కింద, గంగడోలు పైభాగంలో వేడి వాపు, గురగురమనే ఊపిరి. ఒక్క రోజులో అయిపోవచ్చు. గేదెలకి మరీ ఎక్కువ. జబ్బవాపు ఆరు నెలల నుంచి రెండేళ్ళ వయసు మధ్య, బాగా మేపిన, నునుపుగా ఉన్న దూడలకే వస్తుంది. పొద్దున్న కుంటుతుంది. ముల్లు గుచ్చుకుందేమో అనుకుంటాం. తొడ మీదో, జబ్బ మీదో వాపుని నొక్కితే కింద కరకరమని గాలి చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినబడ్డాక ఇక ముల్లు వెతకడం మానేయాలి. రెండింటికీ మందులున్నాయి, అవి పనిచేసేది మొదటి గంటల్లోనే.

టీకాలు ఉచితంగా వేస్తారు. సాధారణంగా తొలకరికి ముందు వేస్తారు. మన తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పుడు తప్పించుకున్నవాళ్ళు కనీసం సెప్టెంబరులోనైనా అడిగి వేయించుకోవాలి. టీకా వేసిన రోజే రక్షణ రాదు, రెండు మూడు వారాలు పడుతుంది. తుఫాను హెచ్చరిక విన్నాక పరిగెత్తితే లాభం లేదు.

రోహిణి కార్తెలో వడదెబ్బ కూడా ఈ లెక్కలోదే. నోరు తెరిచి రొప్పుతూ, నాలుక బయటపెట్టి, 106 దాటితే నీడలోకి తెచ్చి ఒళ్ళంతా ఆపకుండా నీళ్ళు పోస్తూ ఉండాలి. గోనెపట్టా తడిపి కప్పి వదిలేస్తే సరిపోదు, గాలి తగలాలి. ఒంగోలు జాతి ఎండని తట్టుకుంటుందనే ధీమాతో మిట్టమధ్యాహ్నం బండలాగుడు ప్రాక్టీసు చేయించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తట్టుకుంటుంది, నిజమే. దేనికైనా హద్దు ఉంటుంది.

ఆ రోజు సాయంత్రంలోపు

గాలికుంటు మన జాతి పెద్ద గొడ్లని అరుదుగా చంపుతుంది. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి, చొంగ కార్చుకుంటూ కుంటుతాయి. పుండ్లు పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతో కడిగి, నోట్లో బోరోగ్లిజరిన్ పూస్తే కోలుకుంటాయి. చిన్న దూడల సంగతి వేరు. వాటికి పుండ్లు కూడా కనబడక ముందే గుండె దెబ్బతిని ఉన్నట్టుండి చనిపోతాయి. అందుకని పెద్దదానికి వచ్చిన రోజే దూడల్ని దూరం చేసి, ఆసుపత్రికి చెప్పాలి. చెప్పకుండా సంతకి తోలుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ వల్లే ఊరు ఊరంతా అంటుకుంటుంది. 2019లో మొదలైన కేంద్ర కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి ఇస్తున్నారు, చెవికి పోగు వేసి లెక్క రాసుకుంటారు. ముద్దచర్మం 2022లో దేశాన్ని కుదిపింది కాబట్టి దాన్ని ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. ఒంటి మీద గడ్డలు, జ్వరం, కాళ్ళ వాపు. విడిగా కట్టేసి ఆ రోజే చెప్పాలి. గడ్డలు పగిలిన చోట ఈగలు వాలి పురుగులు పడకుండా చూసుకోవడమే సగం వైద్యం.

గోమార్ల (ఒంటికి పట్టి రక్తం తాగే పురుగుల) వల్ల వచ్చే జ్వరాల దగ్గర ఒక చిక్కుంది. జ్వరం వచ్చి, మేత తగ్గి, జబ్బల ముందు గడ్డలు కడితేనో, మూత్రం ఎర్రబడితేనో చెవి నరం నుంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద పూసి చూస్తే ఏ రకం జ్వరమో తెలుస్తుంది, మందు దాన్నిబట్టి మారుతుంది. మనం ముందే షాపులో ఏదో యాంటీబయాటిక్ తెచ్చి పొడిపించేస్తే ఆ చుక్కలో ఏమీ దొరకదు. రోగమూ పోదు. షాపు ఇంజెక్షన్లతో ఇంకో ప్రమాదం కూడా ఉంది. వాపుకి, జ్వరానికి వెంటనే పనిచేస్తుందని ఇచ్చే స్టెరాయిడ్ నెలలు నిండిన చూడి ఆవుకి పడితే ఈసుకుపోతుంది, అంటే కడుపు పోతుంది. నొప్పులకి ఇచ్చే డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడకూడదని 2006లోనే నిషేధించారు. ఆ మందు వాడిన గొడ్డు చచ్చాక దాన్ని తిన్న రాబందులు కూడా చచ్చాయి. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌ని 2023లో నిషేధించారు. మెలాక్సికామ్ ఉంది కదా, అది చాలు.

దూడ విరేచనాలు పెద్ద గొడ్డు విరేచనాల్లాంటివి కావు. నెలలోపు దూడ ఒక్క రోజులో ఎండిపోతుంది. మెడ మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా ముడతలాగే ఉండి, కళ్ళు లోపలికి పోయాయంటే సాయంత్రం దాకా కూడా ఆగొద్దు.

ఒక పూట మేత తగ్గి, నెమరు ఉండి, జ్వరం లేకపోతే, చిన్న గీతగాయమైతే, ఒకటి రెండు దగ్గులైతే ఒక రోజు చూడొచ్చు. సుబాబుల్ ఆకు రోజూ మేపి వెంట్రుకలు రాలుతున్నా కంగారు లేదు, ఆ ఆకు తగ్గించి చూడాలి. ఇంటి వైద్యమంతా తప్పని నేను అనను. పొదుగువాపుకి కలబంద, పసుపు, సున్నం కలిపిన పూతని జాతీయ పాడి అభివృద్ధి సంస్థే ప్రచారం చేస్తోంది. వాతలు మాత్రం క్షమించలేను. నొప్పితో ఉన్న గొడ్డుని కాల్చి ఇంకో నొప్పి పెట్టడం అది. నోటి నుంచి చొంగ కారుస్తూ, వింత గొంతుతో అరుస్తూ ఉన్న గొడ్డు నోట్లో "ఏదో ఇరుక్కుంది" అని చెయ్యి పెట్టడం ఇంకా పెద్ద తప్పు. పిచ్చికుక్క కరిచి ఉండొచ్చు. ఆ చొంగ చేతి మీద గీరుకున్న చోట తగిలితే చాలు, మనిషికి రేబిస్ టీకాలు పడాల్సిందే.

ఫోన్ చేసేటప్పుడు

సచివాలయంలో పశుసంవర్ధక సహాయకులు ఉంటారు, మండలంలో ఆసుపత్రి ఉంటుంది, సంచార వాహనం కోసం 1962కి ఫోన్ చేయొచ్చు. ఏదైనా పగటి పూట తేలిక, రాత్రి కష్టం. అందుకని నేను నాకోసం ఒక లెక్క పెట్టుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి గొడ్డు మీద అనుమానం ఉంటే అప్పుడే ఫోన్ చేస్తాను. మూడింటికి అనుమానం ఉండి ఆరింటికి తేలిపోయిన రోజులు ఉన్నాయి, డాక్టర్ నవ్వి ఊరుకున్నాడు. ఆరింటి దాకా ఆగి పదింటికి ఫోన్ చేసిన రోజులూ ఉన్నాయి. వాటి గురించి చెప్పడం నాకు ఇష్టం లేదు.

"గొడ్డుకి బాగాలేదు సార్, త్వరగా రండి" అంటే అటు ఉన్నాయన సంచిలో ఏం పెట్టుకోవాలో తెలియదు. వయసు, చూడిదా, ఎప్పుడు ఈనింది, చివరిసారి ఎప్పుడు మేసింది, జ్వరం ఎంత, డొక్క ఆడుతోందా, పేడ ఎలా ఉంది, ఏ మందులు వాడారు. ఆఖరిదానికి అబద్ధం చెబుతాం, తిడతారని. నాటుమందు పోసినా, ఇంజెక్షన్ పొడిపించినా దాచకూడదు. రెండు మందులు కలిస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు, మనకి తెలియదు. పడుకున్న తీరు, ఊపిరి తీరు అరనిమిషం వీడియో తీసి పంపితే, దారిలో ఉండగానే ఆయన సగం తేల్చుకుంటాడు.

డాక్టర్ వచ్చి వెళ్ళాకే మన పని ఎక్కువ. లేవలేని గొడ్డుని ఒక పక్కకి పడి ఉండనివ్వకూడదు. గడ్డి మూటలు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టాలి, లేకపోతే ఉబ్బుతుంది. కింద ఇసుకో గడ్డో మందంగా పరిచి, నాలుగు గంటలకోసారి పక్క మార్చాలి. అలా చేయకపోతే కిందపడ్డ కాలు చచ్చుబడి, రోగం తగ్గినా లేవదు. మూడు రోజుల ఇంజెక్షన్ రెండో రోజే "బాగైంది" అని మానేయొద్దు. జబ్బు గొడ్డుకి కుడితి పెట్టిన చేత్తో మిగతావాటి దగ్గరికి వెళ్ళొద్దు. ముందు బాగున్నవాటి పని, ఆఖరున దీని పని. మందులు పడ్డ గొడ్డు పాలు గాని, అది పోతుందేమోనని మాంసానికి అమ్మడం గాని డాక్టర్ చెప్పిన రోజులు దాటేదాకా కూడదు.

పోయిన తర్వాత ఒక మాట. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో మలద్వారం నుంచో నల్లటి, గడ్డకట్టని రక్తం వస్తుంటే దొమ్మ (ఆంత్రాక్స్) అని అనుమానించాలి. చర్మం ఒలవకూడదు, కడుపు కోయకూడదు. గాలి తగిలితే ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకుని ఏళ్ళ తరబడి మట్టిలో బతికి ఉంటుంది. మనుషులకీ వస్తుంది. ఆరడుగుల గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి, కుక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప వేయాలి. ఇన్సూరెన్స్ ఉంటే డాక్టర్ చూసి రాసేదాకా పూడ్చొద్దు. క్లెయిమ్‌కి చెవి పోగు కావాలని చెవి కోసి పెట్టుకునేవాళ్ళున్నారు. దొమ్మ అనుమానం ఉన్నప్పుడు ఆ కత్తి కూడా పెట్టకండి. పోగు కనబడేలా ఫోటో తీసి, డాక్టర్ వచ్చేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.